నెల్లూరులో పాత మిద్దె: ఫ్రిజ్ పట్టుకుంటే షాకు, ఏసీ పెట్టాలి, ముందు ఏం మార్పించాలి?

మూలాపేట మిద్దె
అందరికీ నమస్తే. నెల్లూరు మూలాపేటలో మాది తాతల నాటి మిద్దె. టేకు దూలాలు, సున్నపు గచ్చు, చెక్క రీపర్ల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగు. వంటిల్లు, వెనక బాత్రూము తర్వాత కట్టినవి, అక్కడ మాత్రం గోడలో పైపులున్నాయి. మెయిన్ బోర్డులో ఇప్పటికీ పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులే. నేను బెంగళూరులో ఉంటా, అక్కడ అమ్మ ఒక్కతే. రోహిణి కార్తెలో పడక గదిలో ఉండలేకపోతోందని ఏసీ పెట్టిద్దామనుకుంటే, ఫోన్లో అమ్మ ఇంకో సంగతి బయటపెట్టింది. "ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటా ఉండాది, చెప్పులేసుకోని తెరస్తా ఉండా" అంది. ఎన్నాళ్ల నుంచో చెప్పదు!

వీధిలో పనిచేసే ఎలక్ట్రీషియన్ చూసి, ఫ్యూజులు పీకేసి ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చిలు) పెడితే సరిపోద్ది, ఏసీకి 32 ఆంపియర్లది వేస్తా, పడిపోకుండా ఉంటది అన్నాడట. బోర్డులన్నీ మాడ్యులర్‌వి మారుస్తాడట. నాకు నమ్మకం కుదరడం లేదు. అలాగని ఇల్లంతా ఒకేసారి కొత్త వైరింగు చేయించే స్తోమత ఈ ఏడాది లేదు. ఏది ముందు చేయించాలి, ఏది ఆగొచ్చు?

బుచ్చి పంతులమ్మ
ఏసీ సంగతి తర్వాత నాయనా. ముందు అమ్మగారిని ఆ ఫ్రిజ్ ప్లగ్గు తీసేయమను. తీసేటప్పుడు బోర్డు స్విచ్చి ఆపితే చాలదు, మెయిన్ ఆపి తీయమను. పాలు పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకున్నా ఏం కాదు.

పాతదే నయం
ఎందుకబ్బా అందరూ భయపెడతారు. మా ఇంట్లో కిట్‌క్యాట్‌లు మా నాయన పెట్టించినవి, ఇప్పటికీ భేషుగ్గా ఉండాయి. ఫ్యూజు పోతే తీగ చుట్టుకుంటాం, అర్ధ రూపాయి ఖర్చు. ఈ ఎంసీబీలు ఊరికే పడిపోతా ఉంటాయి.

పాత వైర్‌మ్యాన్
పాతదే నయం గారూ, మీ ఫ్యూజులో ఇప్పుడున్న తీగ ఏదో ఒకసారి చూడండి. కొట్లో అమ్మే ఫ్యూజు తీగేనా, వైరు ఒలిచి తీసిన రాగి పోగులా? నా సర్వీసులో నేను విప్పిన పాతిళ్లలో రాగి పోగులే ఎక్కువ. అయిదారు పోగులు మెలేసి పెడితే అది ఇంక పోదు. దాని బదులు గోడలో వైరు కాలుద్ది. కిట్‌క్యాట్ చెడ్డదని కాదు నేననేది, దాన్ని ఎవరైనా ఎట్టైనా పాడు చేయొచ్చు, అదీ చిక్కు.

మూలాపేట తమ్ముడూ, ఒక్క ప్రశ్న. అమ్మకి జివ్వుమనేది ఎప్పుడూ ఉంటదా, ఏదైనా నడిచేటప్పుడు ఎక్కువవుతుందా? అడిగి చెప్పు. అది తెలిస్తే సగం పని అయినట్టే.

మూలాపేట మిద్దె
అడిగాను అన్నా. బోరు మోటరు వేసినప్పుడే ఎక్కువంట. అప్పుడు వంటింట్లో లైటు కూడా మందగిస్తుందంట. మోటరు ఆపితే ఫ్రిజ్ మామూలుగానే ఉంటుందని చెప్పింది.

పాత వైర్‌మ్యాన్
అనుకున్నా. చూడకుండా ఖాయంగా చెప్పకూడదు కానీ, నా అనుమానం రెండు చోట్ల. ఫ్రిజ్ పెట్టే త్రీ పిన్ సాకెట్టులో ఎర్త్ పిన్నుకి నిజమైన ఎర్త్ వైరు లేదు. పాత రెండు వైర్ల లైను మీద త్రీ పిన్ పెట్టేటప్పుడు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. దాన్ని లూపు కొట్టడం అంటాం. టెస్ట్ ల్యాంపు పెడితే శుభ్రంగా వెలుగుద్ది, ఇంటాయన ఎర్తు ఉందనుకుంటాడు.

రెండోది, మీ న్యూట్రల్ ఎక్కడో వదులైంది. మీటరు దగ్గరో, మెయిన్ దగ్గరో. మోటరు వేయగానే కరెంటు ఎక్కువ లాగుద్ది, ఆ వదులు జాయింటు దగ్గర వోల్టేజి పడిపోద్ది, అందుకే లైటు మందగించేది. అక్కడ పడిన వోల్టేజి ఇంట్లో న్యూట్రల్ మీద నిలబడుద్ది. న్యూట్రల్‌కి లూపు ఉంది కాబట్టి అది నేరుగా ఫ్రిజ్ ఒంటి మీదకొస్తది. ఇప్పుడు జివ్వుమంటోంది. ఆ జాయింటు పూర్తిగా ఊడిందంటే ఫ్రిజ్ మీద 230 వోల్టులు నిలుస్తాయి. ఫ్యూజు పోదు, ఎంసీబీ పడదు, ఎందుకంటే వాటి లెక్కలో ఓవర్‌లోడు కానీ షార్టు కానీ లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గాలివానకి లైను తెగి మళ్లీ కట్టినప్పుడు స్తంభం దగ్గర ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ అటూ ఇటూ అయితే? లూపు ఉన్న ఇంట్లో ఫ్రిజ్ తలుపే ఫేజు. ఎల్ఈడీ బల్బు స్విచ్చి ఆపినా రాత్రి పూట మిణుకుమిణుకుమంటుంటే అది కూడా చూపించుకోండి. వేరే కారణాలూ ఉండొచ్చు, కానీ స్విచ్చి ఫేజుని కాకుండా న్యూట్రల్‌ని ఆపుతోందేమో అని ముందు అనుమానించాలి.

ఒంగోలు ట్రిపుల్ఈ
వైర్‌మ్యాన్ గారు చెప్పినదానికి చిన్న లెక్క జోడిస్తాను, పిల్లలకి పాఠం చెప్పే అలవాటు కదా.

"ఎర్తు గుంత తీయిస్తే సరిపోతుంది" అని చాలామంది అనుకుంటారు. మంచి ఇంటి గుంత రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) 10 ఓములు వచ్చిందనుకోండి. ఫేజు వైరు ఫ్రిజ్ ఒంటికి తగిలితే గుంతలోకి పోయే కరెంటు 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంత కొంచెం ఎక్కువకి వెంటనే పడదు, వేడెక్కి పడటానికి చాలాసేపు తీసుకుంటుంది. ఎండాకాలంలో గుంత ఎండి 50 ఓములైతే పోయేది 5 ఆంపియర్లు కూడా ఉండదు. ఆ ఎంసీబీకి అసలు తెలియనే తెలియదు. అంతసేపూ ఒంటి మీద వోల్టేజి ఉంటుంది.

అందుకే ఆర్‌సీసీబీ కావాలి. లోపలికి వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. తేడా వస్తే, అంటే కొంత నేలలోకో మనిషిలోకో పోతోంటే, కొట్టేస్తుంది. ఇంటికి వాడాల్సింది 30 మిల్లీ ఆంపియర్లది. అంత తేడాకి 0.3 సెకను లోపు పడిపోవాలి, తేడా ఇంకా పెద్దదైతే అంతకన్నా త్వరగా. గుంత 50 ఓములున్నా సరే, 30 మిల్లీ ఆంపియర్లకి ఒంటి మీద వచ్చేది 1.5 వోల్టులే. కొట్లో 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా ఉంటాయి. అవి మంటల నివారణకి, మనిషి ప్రాణానికి కాదు. డబ్బా మీద చదివి తీసుకోండి.

ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుకి పడదు, దాని వెనక ఎంసీబీలు ఉండాల్సిందే. ఒక చేత్తో ఫేజూ ఇంకో చేత్తో న్యూట్రలూ పట్టుకున్నవాడిని కూడా అది కాపాడలేదు. దాన్ని పెట్టాం కదా అని బోర్డులో వేళ్లు పెట్టకూడదు.

కావలి ట్రంకురోడ్డు
మేమూ పెట్టించాం సార్. వారం తిరక్కుండానే తీసేయించాం. ఫ్యాను వేస్తే పడుద్ది, లైటు వేస్తే పడుద్ది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో అది పనికిరాదని చెప్పాడు మాకు చేసినతను.

పాత వైర్‌మ్యాన్
పనికిరాకపోవడం కాదు. ఫ్యాను ఫేజు ఇన్వర్టరు నుంచి వస్తోంది, దాని న్యూట్రల్ మాత్రం ఇంటి న్యూట్రల్‌లోకే పోతోంది. వెళ్లిన దారి ఒకటి, వచ్చిన దారి ఇంకొకటి అయితే ఆర్‌సీసీబీ లెక్క తప్పి పడిపోద్ది. పాతిళ్లలో ఒక గది న్యూట్రల్ పక్క గదికి అరువిచ్చి లాగడం మామూలే, ఆ రెండు గదులూ ఒకే ఆర్‌సీసీబీ కింద లేకపోతే దానికీ ఇదే గతి. ఇన్వర్టరు లైన్లకి న్యూట్రల్ విడిగా లాగాలి, ఏ లైను న్యూట్రల్ దాని లింకులోనే (న్యూట్రల్ వైర్లు బిగించే పట్టీ) దిగాలి. ఆ పని చేయడానికి ఓపిక కావాలి. ఆర్‌సీసీబీ తీసేయడానికి స్క్రూడ్రైవరు చాలు.

పాతదే నయం
సరే, మా ఫ్యూజు తీసి చూసినా. రాగి పోగులే ఉండాయి. పోగులు లెక్క పెట్టలేదు లెండి.

కొత్తపట్నం గాలి
మా సముద్రం పక్కన ఇళ్ల గోడు ఇంకొంచెం వేరు. రాగి కొసలకి పచ్చటి చిలుం పట్టుద్ది, సాకెట్టు లోపల ఇత్తడి నల్లబడుద్ది, ఇనప బోర్డు పెట్టెలు పొట్టు లేచిపోతాయి. మెయిన్ బోర్డు బయట వసారాలో ఉంటే లోపలికి మార్పించుకోండి. ఎర్త్ పైపుకి వైరు బిగించే క్లాంపు మా దగ్గర ముందు పోయేది అదే. పైపు భూమిలో బాగానే ఉంటది, పైన బోల్టు తుప్పు పట్టి వైరు ఊరికే ఆనుకుని ఉంటది. చూసినవాళ్లకి ఎర్తు ఉన్నట్టే కనపడుద్ది.

ఒంగోలు ట్రిపుల్ఈ
నిజం. ఒంగోలు చుట్టూ రేగడి నేలలో ఇంకో తమాషా ఉంది. వానాకాలం గుంత రీడింగు చక్కగా వస్తుంది. మే నెలలో రేగడి నెర్రెలిచ్చి పైపు చుట్టూ మట్టి విడిపోతుంది, రీడింగు పాడవుతుంది. నెల్లూరులో పెన్న ఒడ్డు ఇసక నేలల్లో నీళ్లు నిలవక అదే పరిస్థితి. ఎర్తు రీడింగు తీయిస్తే ఎండాకాలంలో తీయించండి. పైపు ఎర్తింగు అంటే మామూలుగా 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్లు, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా. పైన గరాటు పెట్టి చిన్న సిమెంటు తొట్టి కట్టేది ఎందుకంటే ఎండల్లో నీళ్లు పోయడానికి. చాలా ఇళ్లలో దాని మీద తులసికోటో మోటరు దిమ్మో వచ్చేసి ఉంటుంది.

బోరు పైపుకి ఎర్తు కట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఇనప పైపు తీసి ప్లాస్టిక్‌ది వేసిన రోజు ఆ ఎర్తు పోయినట్టే.

కోవూరు మాగాణి
2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మా వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినాయి. కింద సాకెట్లు మునిగినాయి. నీళ్లు తీసినాక తుడిచి, ఎండబెట్టి, నాలుగు రోజులకి మెయిన్ వేసినోళ్లు ఉండారు. గోడలో పైపుల్లో నీళ్లు అట్టనే ఉంటాయి, అది ఎవురికీ కనపడదు. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు ఎండబెట్టి వాడకూడదు, మార్చేయాల. వైర్లకి మెగ్గరు (వైరు తోలు బాగుందో లేదో చూసే మీటరు) పెట్టినాకే కరెంటు ఇయ్యాల. మేము ఇప్పుడు కింది సాకెట్లన్నీ నడుమెత్తుకి లేపినాం.

ఇంకో మాట. దండెం తీగ. బట్టలారేసే జీఐ తీగని సర్వీసు వైరు మోసే తీగకో, ఇంటి మీది ఇనప పైపుకో కడతారు. సర్వీసు వైరు తోలు ఎక్కడో ఒరుసుకుపోయి తీగకి తగిలితే తడి బట్ట ఆరేసే మనిషి పోతాది. ఇది ఇంటి లోపల ఏ బాక్సు పెట్టినా ఆగదు, మీటరుకి ముందే కదా. నైలాను తాడు కట్టుకోండి.

బుచ్చి పంతులమ్మ
దండెం మాట చాలా మంచిది చెప్పారు. మా వీధిలో సగం ఇళ్లకి తీగే.

మూలాపేట మిద్దె
అందరికీ ధన్యవాదాలు. శని, ఆదివారాలు ఊరికి వెళ్లాను. పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ ఒకాయన మెగ్గరు తీసుకొచ్చాడు. మెయిన్ ఆపి ఫ్రిజ్ బోర్డు విప్పితే వైర్‌మ్యాన్ అన్న చెప్పినట్టే ఉంది. నల్ల వైరు కొస నుంచి బెత్తెడు తెల్ల వైరు ముక్క, ఎర్త్ పిన్ను స్క్రూ కింద బిగించి ఉంది. గోడలోంచి మూడో వైరు రానే రాలేదు. బోర్డు చెక్క వెనక గోధుమ రంగులో మాడిన మచ్చ, అరచేయంత. వైరు పక్కకి వంచగానే పైతోలు అప్పడం విరిగినట్టు విరిగి రాగి బయటపడింది.

తర్వాత మెయిన్ దగ్గర. న్యూట్రల్ దిగే చోట బయట నుంచి వచ్చిన అల్యూమినియం వైరుకి లోపలి రాగి వైరు ఊరికే మెలేసి, పైన గుడ్డ టేపు చుట్టారు. టేపు తీస్తే తెల్లటి పొడి రాలింది. మీటరు వైపు మనం ముట్టుకోకూడదని ఆయన ఆగిపోయాడు. కరెంటోళ్ల ఫిర్యాదు నంబరు 1912కి ఫోన్ చేస్తే లైన్‌మ్యాన్ వచ్చి స్తంభం దగ్గర ఆపి, మీటరు దగ్గర కొసలు కోసి కొత్తగా బిగించాడు. ఆ తర్వాత మోటరు వేసి చూశాం, లైటు మందగించలేదు.

లూపు తీసేశాం. ఫ్రిజ్‌కి తాత్కాలికంగా మెయిన్ నుంచి విడిగా మూడు వైర్ల లైను పైన కేసింగ్ పట్టీలో లాగాడు.

ఇప్పుడు ఏసీ. ఆ 32 ఆంపియర్ల ఎంసీబీ మాట ఏమిటి? దానికి వాడబోయింది పడక గదిలో పాత లైనేనట.

పాత వైర్‌మ్యాన్
ఆ తెల్ల పొడే అసలు దొంగ. అల్యూమినియం మీద పొర కడుద్ది, జాయింటు వేడెక్కుద్ది, వేడికి ఇంకా వదులవుద్ది. ఆ రెండు లోహాలు మెలేసి వదిలేయకూడదు, వాటి కోసం వేరే కనెక్టర్లు ఉన్నాయి.

32 సంగతి. ఎంసీబీ కాపాడేది వైరుని, ఏసీని కాదు. పడక గదిలో పాత లైటింగు లైను ఒకటిన్నర స్క్వేరు (వైరు మందం, చదరపు మిల్లీమీటర్లలో) కూడా ఉండకపోవచ్చు. దాని మీద 32 పెడితే వైరు సలసలా కాగుతున్నా ఎంసీబీ చూస్తూ కూర్చుంటది. టేకు దూలానికి ఆనుకుని ఉండే వైరు అది. "పడిపోకుండా ఉంటది" అన్నాడు చూడు, అది గొప్పగా చెప్పుకునే మాట కాదు.

ఒకటిన్నర టన్ను ఏసీ నడిచేటప్పుడు 8 ఆంపియర్లు అటూ ఇటూగా తీసుకుంటది. మెయిన్ నుంచి నేరుగా 4 స్క్వేరు రాగి వైరు, మధ్యలో జాయింటు లేకుండా, ఎర్త్ వైరుతో కలిపి లాగించు. 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ. సీ ఎందుకంటే కంప్రెసరు మొదలయ్యేటప్పుడు ఒక్క గుక్కలో ఎక్కువ లాగుద్ది, బీ రకం దానికి పడిపోవచ్చు. గీజరుకి అట్టాగే ఇంకో లైను. ఇండక్షన్ పొయ్యి ఉంటే దానికీ 16 ఆంపియర్ల పాయింటు విడిగా. 2000 వాట్ల పొయ్యి ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు తింటది, దాన్ని మిక్సీ పెట్టే చిన్న సాకెట్టులో అడాప్టరు వేసి వాడేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోద్ది.

సున్నపు గోడకి గాడి కొట్టొద్దు. గచ్చు పెళ్లలు పెళ్లలుగా ఊడుద్ది. పైన పీవీసీ పైపు వేసి సున్నం రంగే పూయించు, అమ్మకి అలవాటైపోద్ది.

ఒంగోలు ట్రిపుల్ఈ
లోడు మాట మర్చిపోకండి. పాత సర్వీసుల్లో ఒప్పంద లోడు చాలా తక్కువ ఉంటుంది, బిల్లు మీదే రాసి ఉంటుంది. ఏసీ, గీజరు పెట్టేముందు అదనపు లోడుకి దరఖాస్తు పెట్టుకోండి. నెల్లూరు ఎస్‌పీడీసీఎల్, మాది సీపీడీసీఎల్ (కరెంటు కంపెనీలు), ఫిర్యాదు నంబరు 1912 రెండింటికీ ఒకటే. సచివాలయంలో అడిగినా దారి చెబుతారు.

మూలాపేట మిద్దె
ఆఖరి అప్‌డేట్. ఈ ఏడాదికి చేయించినవి: కొత్త ఎర్త్ గుంత, మెయిన్‌లో రెండు పోళ్ల (ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి ఆపే) 40 ఆంపియర్ల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాని వెనక ఎంసీబీలు, ఏసీకీ గీజరుకీ వంటింటికీ కొత్త రాగి లైన్లు. అదనపు లోడు దరఖాస్తు కూడా పెట్టాం. మెగ్గరుతో 500 వోల్టులు పెట్టి చూస్తే ముందు గది లైను బాగా వచ్చింది, పడసాలది 1 మెగా ఓము కూడా లేదు, అందుకని దాన్ని కత్తిరించి వదిలేశాం. అక్కడ ప్రస్తుతం ఒక ఫ్యాను, ఒక లైటు పైపు మీద కొత్తగా వచ్చాయి. మిగతా చెక్క రీపర్ల వైరింగు లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే, 6 ఆంపియర్ల ఎంసీబీ కింద, వచ్చే ఏడాది దాకా. మాడ్యులర్ బోర్డులు ఆపేశాం. ఆ డబ్బే వైరుకి పోయింది.

ఆర్‌సీసీబీ మొదటి రోజు రెండుసార్లు పడింది. కావలి అన్న చెప్పిన కథే, పడసాల ఫ్యాను న్యూట్రల్ ఆర్‌సీసీబీకి ముందున్న పాత లింకులో దిగింది. దాన్ని ఆర్‌సీసీబీ వెనక లింకుకి మార్చాక నిలిచింది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కమని అమ్మకి చూపించాను. "టీవీ ఆగిపోద్ది గదరా" అని సీరియల్ అయినాకే నొక్కుతానంది.

కావలి ట్రంకురోడ్డు
మాది కూడా మళ్లీ పెట్టిస్తాం అయితే. ఆ మెగ్గరు ఉన్న వైర్‌మ్యాన్ కావలి దాకా వస్తాడా? నంబరు ఇస్తారా?

మూలాపేట మిద్దె
ఆయన్ని అడిగి ప్రైవేట్ మెసేజ్‌లో పంపిస్తా అన్నా, ఇక్కడ అందరిలో పెట్టను. వచ్చేముందు మీ ఇన్వర్టరు నుంచి ఏ ఏ గదులకి లైను పోతోందో కాగితం మీద గీసిపెట్టుకోండి, ఆయన ముందు అదే అడుగుతాడు.